రెండు రంగుల పెద్దమ్మాయి

జూన్ 3, సోమవారం

నాకేమీ కాలేదు. పొద్దుటి నుంచి ఈ మాట ఎంతమందికి చెప్పానో, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇక్కడ కూడా రాసి పెడితే ఒక పని అయిపోతుంది. నాకేమీ కాలేదు. నర్సమ్మకీ ఏమీ కాలేదు. అయిందల్లా పెద్దమ్మాయికే.

తప్పు మాది కాదు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న నర్సమ్మ స్టీరింగ్ దగ్గరుంది, నేను పక్క సీట్లో, నేర్పేవాళ్ళకి విడిగా ఉండే నా బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉన్నాను. నాలుగు రోడ్ల కూడలిలో మా వంతు వచ్చాకే కదిలాం. పాల వ్యాను పక్క రోడ్డులోంచి ఆగకుండా వచ్చి నా వైపు ముందు మూలని గుద్దింది. నర్సమ్మ తన బ్రేకు తొక్కింది, నేను నాది తొక్కాను. బండి ఆగింది. పోలీసు తలుపు లాగి "దిగండమ్మా" అంటున్నాడు. దిగుదామనే ఉంది నాకు, కాలే రావడం లేదు. చివరికి నర్సమ్మ వంగి రెండు చేతులతో నా పాదం ఎత్తి పక్కన పెట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కుట్టుమిషన్ ఆపి, బేరం ఆడేముందు గుడ్డని చూసినట్టు నన్ను పైనుంచి కింది దాకా చూశారు. ఎక్కడా చిరుగు లేదని తేలాక, "నీ పెద్ద కూతురెలా ఉంది?" అని అడిగారు.

"ముక్కు పోయింది," అన్నాను. ఆయన లేచి వెళ్ళి టీ పెట్టిచ్చారు. అందులో చక్కెర మర్చిపోయారు, నేనూ చెప్పలేదు.

జూన్ 5

మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. మా పిన్ని కొడుకు బండి కింద దూరి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తమ్ముడలా తుడుచుకుంటున్నాడంటే మాట వెతుక్కుంటున్నాడన్నమాట.

"అక్కా, ఇంజన్‌కేం ఢోకా లేదు. నీ వైపు బ్రేకు కూడా బాగానే ఉంది. రేడియేటర్, లైట్లు, బానెట్, నీ వైపు తలుపు పోయాయి. అడుగున చట్రం కొంచెం వంగింది. అది లాగొచ్చు. సామానే దొరకదు. ఈ మోడల్ తయారీ ఎప్పుడో మానేశారు కదా."

"ఎక్కడా దొరకదా?"

"ఊళ్ళో ఇలాంటిది ఇంకొక్కటే ఉంది. ఎవరిదో నీకు తెలుసు."

తెలియకేం. హారన్‌ది. అంటే మూడు వీధుల అవతల డ్రైవింగ్ స్కూలు నడిపే మాస్టారిది, ఆ పేరు నేను పెట్టిందే. బడి గంటలాగా ఆయన బండి హారన్ మోగుతూనే ఉంటుంది. నా స్కూలుకి "లేడీస్ స్పెషల్" అని పేరు పెట్టిన పెద్దమనిషి. ఆయన బండిని కిందటి నెలలోనే లారీ వెనక నుంచి గుద్దిందట. ముందు భాగం మాత్రం పెళ్ళికూతురిలా ఉందట.

అంటే నా దానికి ముందు లేదు, ఆయన దానికి వెనక లేదు. రెంటినీ కలిపితే ఒకటవుతుంది. ఆ ఒకటి ఎవరిదన్నదే పేచీ.

పాత సామాన్లు కొనే ముక్కలాయన షెడ్డు దగ్గర అప్పటికే కాచుక్కూర్చున్నాడు. "అమ్మగారూ, ఆ మాస్టారు మీ బండి వెనక భాగం అడుగుతున్నారు. మీరు ఊ అంటే తలుపులు, గేర్‌బాక్సు, సీట్లు, దేనికి దానికి విడిగా మనిషిని చూస్తాను. శ్రమంతా నాది."

ఇరవై నాలుగేళ్ళ బండి. చిన్నది పుట్టకముందు కొన్నాం. అందుకే ఇది పెద్దమ్మాయి అయింది, కన్నకూతురు చిన్నదయింది. ఆ సంగతి ముక్కలాయనకి చెప్పలేదు. ఆలోచిస్తానన్నాను.

ఇంటికి నడిచే వచ్చాను. నడక మంచిది.

జూన్ 7

నడిచి వెళ్ళాను. నడిచి వచ్చాను. షెడ్డు దారిలోనే ఉంది కాబట్టి ఒకసారి తొంగి చూశాను, అంతే. (దారి ఎక్కడికి అని ఆయన అడిగారు. కూరగాయలకని చెప్పాను. కూరగాయల కొట్టు అటువైపు కాదు.)

జూన్ 10

చిన్నది బ్యాంకు నుంచి తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఇంక చాలించు. నీకు యాభై ఆరు. ఆ బండికి బళ్ళ లెక్కన అంతకన్నా ఎక్కువ. నీకేమైనా అయితే నాన్న సంగతేంటి, నా సంగతేంటి? ఇచ్చెయ్. ఇంట్లో హాయిగా ఉండు."

"హాయిగా ఉండి ఏం చెయ్యను?"

"ఏదైనా చెయ్. ఏమీ చెయ్యకుండా ఉండు."

దానికి భయం. కోప్పడదామనుకున్న దాన్ని కోప్పడలేకపోయాను. సరే, నిర్ణయం అయిపోయింది. ముక్కలు చేసి అమ్మేస్తున్నాను. రేపు తాళాలు ఇచ్చేస్తాను. ఇనుమే కదా. ఇనుముకి ఏడిస్తే నవ్వుతారు.

జూన్ 11

తాళాలు ఇవ్వలేదు. కనపడలేదు. పర్సులోనే ఉన్నాయి కానీ అడుగున ఉన్నాయి.

జూన్ 14

నర్సమ్మ వచ్చింది. ఆమె సంగతి పక్కన పెట్టేసి బతుకుదామనుకున్నాను, గుమ్మంలో నిలబడింది. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డ రోగుల్ని చూసే నర్సు ఉద్యోగం ఖాళీ అయింది. లైసెన్సు చూపిస్తేనే ఇస్తారు. జూలై పంతొమ్మిదిన పరీక్ష. అది తప్పితే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలే, ఇంట్లో పిల్లలిద్దరూ వాళ్ళంతట వాళ్ళే నిద్రపోవాలి.

"కొత్తగా పెట్టిన డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళమని చెప్పాను కదా," అన్నాను.

"వెళ్ళాను మేడమ్. క్లచ్చు ఏదంటే చూపించాను. 'పర్లేదే, ఆంటీకి తెలుసే' అన్నాడు అక్కడి కుర్రాడు. దిగి వచ్చేశాను."

"బండి ఇచ్చేస్తున్నాను నర్సమ్మా."

"ఇచ్చేశారా, ఇచ్చేస్తున్నారా?"

నేను లేచి టీ పోశాను.

"ఎక్కడికైనా నడిచే వెళ్తున్నారట కదా."

"మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు నడవమన్నాడు."

"మోకాళ్ళు పట్టేసినవాళ్ళని ఎవరూ అంత నడవమనరు. నేను నర్సుని మేడమ్."

ఒళ్ళు మండింది. ఇంకో టీ పోశాను, అది తాగి వెళ్ళిపోయింది. ఆమె చెప్పింది నిజమే. గుద్దిన రోజు నుంచి నేను నాలుగు చక్రాల దేన్లోనూ కూర్చోలేదు. ఆటో కూడా ఎక్కలేదు. ఆటోకి మూడే చక్రాలు, అయినా ఎక్కలేదు.

జూన్ 17

ఇవాళ బస్సెక్కాను. ఎందుకెక్కానో రాయాలి.

తాడో పేడో తేల్చుకుందాం, మీరూ మాస్టారూ ఇద్దరూ ఒకేసారి రండని ముక్కలాయన కబురు పెట్టాడు. ఆయన గోడౌను ఊరి చివర. నడిచే దూరమైతే నడిచేదాన్నే. బస్టాపులో చూస్తే హారన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. "మేడమ్ గారు కూడా బస్సేనా?" అన్నాడు. "మాస్టారు కూడానా?" అన్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఖాళీగా ఉన్నది ఒకే సీటు, ఇద్దరు పట్టేది. కూర్చున్నాం, మధ్యన గొడుగు పెట్టుకుని.

బస్సు కదలగానే నా కాలు నేలని తొక్కింది. ముందు సైకిలొచ్చినా, కుక్కొచ్చినా తొక్కింది. చీర కింద కనపడదులే అనుకుని కిటికీలోంచి చూస్తున్నట్టు నటించాను. కాసేపటికి పక్కనుంచి కూడా టప్ టప్‌మని చప్పుడు. చూద్దును కదా, హారన్ బూటు! బస్సు సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఇద్దరం ఒక్కసారే తొక్కాం. టప్.

ఆయన నా కాలు చూశాడు, నేను ఆయన కాలు చూశాను. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. బస్సంతా మమ్మల్నే చూసింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వాం.

నవ్వు ఆగాక చూశాను, ఆయన నిమిషానికోసారి మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూసుకుంటున్నారు. "లారీ గుద్దిన దగ్గర్నుంచి ఇదే పని," అన్నారు మెల్లగా. "ఇంట్లో కుర్చీలో కూర్చున్నా వెనక్కి చూస్తాను. మా ఆవిడ ఎవరొచ్చారని అడుగుతుంది."

"నాకు భయంగా ఉంది మాస్టారూ," అన్నాను. ఆయనకెందుకు చెప్పానో తెలీదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "బండిలో కూర్చుందామని షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాను. అందుకే అమ్మేద్దామనుకుంటున్నాను."

"నేనూ అందుకే కొందామనుకుంటున్నాను," అన్నారాయన. "కూర్చోకపోతే ఇంకెప్పుడూ కూర్చోలేను."

ఇద్దరిదీ ఒకటే జబ్బు. మందే వేరు. ఆయన మందు నా మందుకన్నా మంచిదని ఆ సీట్లోనే నాకు తెలిసిపోయింది.

గోడౌనులో ముక్కలాయన మాట మొదలుపెట్టేలోగానే చెప్పేశాను. "నేను అమ్మడం లేదు. నాకు మాస్టారి బండి ముందు భాగం కావాలి." ముక్కలాయన మొహం చూడాలి. మాస్టారు గొడుగు నేలకి తాటించారు.

"నాకూ మీ వెనక భాగం కావాలి మేడమ్ గారూ."

"అయితే ఎట్లా?"

"ఏముంది, కొలిపిద్దాం. ఎవరి చట్రం తిన్నగా ఉంటే వాళ్ళ బండి నిలుస్తుంది. రెండోది ముక్కలవుతుంది. సరేనా?"

సరేనన్నాను. అన్నాక బస్సులో వస్తూ భయపడ్డాను. ఈసారి భయం వేరే భయం. ఇది కాస్త నయం.

జూన్ 18

మా ఆయనకి అంతా చెప్పాను. బస్సూ, భయమూ, పందెమూ. కత్తెర పక్కన పెట్టి విన్నారు. "మోకాళ్ళు కావని నాకు తెలుసోయ్," అన్నారు. తెలిస్తే చెప్పరేం మనిషి!

జూన్ 20

కొలిచాం.

రెండు బళ్ళనీ తమ్ముడి షెడ్డులో పక్కపక్కన దిమ్మల మీదికెత్తారు. అడుగున ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి ఒక కొలత, అటు నుంచి ఇటు ఇంకొకటి. రెండు కొలతలూ ఒకటైతే చట్రం తిన్నగా ఉన్నట్టు. తమ్ముడి ఇనుప టేపు సగంలో తెగిపోయి ఉంది. అప్పుడు మా ఆయన మెడలోంచి టేపు తీశారు. అది ఆయన మెడలో ఎప్పుడూ ఉంటుంది, భోజనానికి కూర్చున్నా తియ్యరు. జేబులోంచి ఇంకో గుడ్డ టేపు తీసి, రెండూ కలిపి పిన్నులు గుచ్చారు.

మాస్టారికి నచ్చలేదు. "మీ ఆయన టేపు మీ వైపు సాగుతుందేమో మేడమ్ గారూ."

మా ఆయనకి కోపం రావడం నేను పెళ్ళయ్యాక నాలుగుసార్లు చూశాను. ఇది అయిదోది. "మాస్టారూ, మా ఆవిడ నడుం కొలతే నేనింతవరకూ తగ్గించి చెప్పలేదు. ఇనుముకి తగ్గిస్తానా?"

షెడ్డంతా గొల్లుమంది. నేను తలొంచుకున్నాను, కానీ నాకూ నవ్వొచ్చింది.

ఆయనే బండి కింద పడుకున్నారు, తెల్ల చొక్కాతో. ఒక కొస తమ్ముడు పట్టుకున్నాడు. ముందు మాస్టారిది. ఒకవైపు చెప్పారు, రెండోవైపు చెప్పారు. తేడా నాలుగు వేళ్ళు. మాస్టారు నమ్మక తనే దూరి కొలుచుకున్నారు. లారీ దెబ్బకి వెనక భాగమంతా మెలితిరిగి ఉంది. బయటికొచ్చి ఇస్త్రీ చొక్కా మీద మట్టి కూడా దులుపుకోలేదు.

తర్వాత నాది. ఒకవైపు కొలిచారు. రెండోవైపు కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఈయనకి ప్రతిదీ మళ్ళీ కొలవడం అలవాటు, ఆ అలవాటు ఇవాళ నా ప్రాణం తీసింది.

"బొటనవేలంత," అన్నారు కింద నుంచి.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అది లాగితే ఒక్కపూటలో వచ్చేస్తుందక్కా!"

నేను గంతెయ్యలేదు. మాస్టారి వైపు చూశాను. ఆయన తన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డారు.

"తీసుకోండి మేడమ్ గారూ. లైట్లు కిందటేడే మార్చాను. రేడియేటర్ శుభ్రంగా ఉంది. ఒక్కటే షరతు."

"చెప్పండి."

"హారన్ తియ్యకండి."

జూన్ 24

చట్రం లాగారు. గొలుసులు బిగించి లాగుతుంటే పెద్దమ్మాయి పళ్ళు నూరినట్టు చప్పుడు చేసింది. బయటికెళ్ళి నిలబడ్డాను. తమ్ముడు పిలిచాక లోపలికొచ్చాను. మా ఆయన టేపు పట్టుకుని రెడీగా ఉన్నారు. రెండు వైపులా ఒకటే కొలత. గట్టిగా అరిచేశాను, పక్క షెడ్డు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

జూన్ 25

చిన్నది మాట్లాడటం లేదు.

జూన్ 29

మాస్టారు రోజూ షెడ్డుకి వస్తున్నారు. ఆ బోల్టు అలా కాదు, ఈ వైరు ఇలా కాదు అని తమ్ముణ్ణి కాల్చుకు తింటున్నారు. ఆయన బానెట్, ఆయన బంపరు, ఆయన లైట్లు, నా వైపు తలుపు ఆయనదే. అన్నీ ఇటుక రంగు. నా బండి వెన్న రంగు. సగం బండి ఒకటి, సగం బండి ఇంకొకటి. రంగు వేయించనా అని తమ్ముడు అడిగాడు.

"వద్దు," అన్నాను.

"జనం నవ్వుతారక్కా."

"నవ్వనీ. నవ్వినవాళ్ళకి బండి గుర్తుంటుంది." బండి రిజిస్ట్రేషన్ కాగితాల్లో రెండు రంగులూ రాయించాను. ఆఫీసులో గుమాస్తా రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పాను.

జూలై 4

ఇంటికొచ్చేసరికి చిన్నది మిషన్ ముందు కూర్చుని ఉంది. దానికి కుట్టు సరిగ్గా రాదు. ఆయన పక్కన నిలబడి పట్టుకుంటున్నారు. అటు సగం ఇటుక రంగు, ఇటు సగం వెన్న రంగు గుడ్డ. సీటు కవర్లు.

"మాట్లాడవా?" అన్నాను.

"నేనింకా ఒప్పుకోలేదు," అంది తలెత్తకుండా. "పాత కవర్లు చిరిగిపోయాయి, అందుకని."

అబద్ధం చెప్పడం నా దగ్గరే నేర్చుకుంది.

జూలై 6

ఇవాళ కూర్చున్నాను. షెడ్డులో, ఇంజన్ ఆపి ఉండగా. అంతే.

జూలై 8

రోడ్డెక్కాం! నేనే నడిపాను, షెడ్డు నుంచి ఇంటిదాకా. వీధి వీధంతా బయటికొచ్చింది. మలుపు తిరుగుతూ చెయ్యి తగిలి హారన్ మోగితే, మూడు వీధుల అవతల మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చి "ఆయనొచ్చారు" అనుకుందట.

నడపడానికి భయం వెయ్యలేదు. మధ్యాహ్నం నర్సమ్మని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి నేను నా సీట్లో కూర్చున్నాక తెలిసింది, భయమంతా ఆ సీట్లోనే దాక్కుందని. ఈ ఒక్క రోజులో ఎన్నిసార్లు బ్రేకు తొక్కానో నాకే తెలీదు.

జూలై 12

తొక్కుతూనే ఉన్నాను.

జూలై 15

నర్సమ్మ రోడ్డు పక్కన బండి ఆపింది. తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మేడమ్, బండి నడిపేది మీరా, నేనా?"

"నువ్వే."

"నా బ్రేకు నేనెప్పుడు తొక్కాను? నేను చూసేలోగా మీరు తొక్కేస్తున్నారు. శుక్రవారం పరీక్షలో మీరు పక్కనుండరు. ఎవరు తొక్కుతారు?"

ఇరవయ్యేళ్ళ పైబడి నేర్పుతున్నదాన్ని, నేనే అడ్డం పడుతున్నాను.

"కాలు దానంతటదే వెళ్తోంది నర్సమ్మా. నేనేం చెయ్యను?"

ఆమె నా పాదం వైపు చూసింది. "కాలు నేలకి ఆనితేనే కదా వెళ్తుంది. కాళ్ళు పైకి పెట్టుకోండి. బాసింపట్టు వేసుకోండి."

"పిచ్చిపట్టిందా?" అన్నాను. ఇంటికి తీసుకెళ్ళమన్నాను. దారంతా తొక్కుతూనే వచ్చాను.

జూలై 16

ఖాళీ మైదానానికి వెళ్ళాం. చెప్పులు విప్పాను. బాసింపట్టు వేశాను. మొదట మోకాళ్ళు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరవమంది. తెరిచాను. గోడ వస్తోంది, వస్తోంది, నా ఒళ్ళంతా బ్రేకైపోయింది. బండి ఆగింది. గోడకి ఇంకా బోలెడంత దూరం ఉంది.

ఆపింది నేను కాదు. ఆమె.

సాయంత్రందాకా అలాగే తిరిగాం. పిల్లల బంతి అడ్డమొచ్చినా ఆపింది, మేక వచ్చినా ఆపింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో దిగి కుంటుతుంటే పట్టుకుంది. నాకు అంత సంతోషంగా ఎప్పుడుందో గుర్తులేదు.

జూలై 19, శుక్రవారం

పాసైంది! పాసైంది! ముందు ఇది రాసి మిగతాది నెమ్మదిగా రాస్తాను.

పరీక్ష పెట్టే ఆయన బండి చుట్టూ తిరిగాడు. "ఏంటమ్మా ఇది? రెండు బళ్ళా?"

"రెండేనండీ. ఒకటిగా నడుస్తుంది."

చట్రం చూశాడు, లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు. ఏ తప్పూ దొరక్క హారన్ కొట్టి చూసి ఉలిక్కిపడ్డాడు. నర్సమ్మ పక్కన నా సీట్లో కూర్చున్నాడు. నేను కంచె ఇవతల నిలబడ్డాను. పక్కన మాస్టారు, ఆ పక్కన మా ఆయన, చివర్న బ్యాంకుకి సెలవు పెట్టిన చిన్నది. పెట్టానని ఎవరికీ చెప్పలేదు, వచ్చి నిలబడింది.

నర్సమ్మ బండిని వెనక్కి తీసింది. మలుపుల్లోంచి ఒక్క కర్రా తగలకుండా తెచ్చింది. ఎత్తు మీద ఆపి కదిలింది. ఇక అయిపోయిందనుకుంటుండగా పరీక్షాయన ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచాడు. కంచె ఇవతల నేనూ మాస్టారూ ఇద్దరం నేలని తొక్కాం. కానీ బండి అప్పటికే ఆగి ఉంది. మేము తొక్కేలోగానే ఆగిపోయింది.

కాగితం చేతిలో పెట్టుకుని ఏడుస్తూ వచ్చింది. నేనూ ఏడ్చాను. మాస్టారు వెనక్కి తిరిగి నిలబడ్డారు, ఈసారి లారీ కోసం కాదు. మళ్ళీ ఇటు తిరిగి, "సోమవారం నుంచి రానా మేడమ్ గారూ? మగవాళ్ళకి కూడా ఎవరో ఒకరు నేర్పాలి కదా," అన్నారు.

"లేడీస్ స్పెషల్‌లోకా?" అన్నాను.

"బోర్డు మార్చండి," అన్నారు. మారుస్తాను. మొదటి పేరు నాదే.

ఇంటికి నర్సమ్మే నడిపింది. వెనక సీట్లో ముగ్గురు, మధ్యన గొడుగు. తిన్నగా వెళ్ళే దారి ఉన్నా, "కూడలి మీదుగా పోనీ," అన్నాను. వెనక చిన్నది "అమ్మా" అంది.

అదే నాలుగు రోడ్లు. అదే పక్క రోడ్డు. చెప్పులు విప్పి బాసింపట్టు వేసుకున్నాను. పక్క రోడ్డులోంచి ఏదో పెద్ద బండి ముక్కు బయట పెట్టింది. నర్సమ్మ చూసింది, ఆగింది. అది వెళ్ళాక, మా వంతు వచ్చాక, కూడలి మధ్యకి వచ్చి ఎవరూ అడక్కుండానే హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టింది. వెనక సీట్లోంచి మాస్టారు "ఆహా!" అన్నారు. ట్రాఫిక్ పోలీసు తిరిగి చూశాడు. ఆ రోజు నన్ను దిగమన్నది అతనే. సగం ఇటుక రంగు, సగం వెన్న రంగు బండిలో, సీటు మీద బాసింపట్టు వేసుకుని మహారాణిలా కూర్చున్న నన్ను చూసి నోరు తెరిచాడు.

చెయ్యి ఊపాను.

కాళ్ళు దించలేదు. ఇంటి ముందు బండి ఆగేదాకా దించలేదు.